ఓడ పక్కన ఉన్నంతసేపు

అక్క వేరు కుంపటి పెట్టేసింది. మాటవరసకు అన్నది కాదు. పొద్దున్నే లేచి, వంటింట్లోని రెండు స్టవ్వుల్లో చిన్నదాన్ని వెనక వరండాలోకి లాక్కుపోయింది. వెంట రెండు గిన్నెలు, ఒక గరిటె, ఉప్పు డబ్బా. ఎవరూ అడక్కుండానే, "ఇక మా మొగుడూపెళ్లాలకి ఇక్కడే" అని ప్రకటించింది.

"ఒక్క కప్పు కింద రెండు వంటలేమిటే?" అంది అమ్మ లబలబలాడుతూ.

"ఒకళ్లు తిండి సంపాదిస్తుంటే ఇంకొకళ్లు కడుపు మీద కొడితే రెండు వంటలే అవుతాయి మరి. అమ్మా, నీ చిన్నకూతురికి చెప్పు. ఈ ఉప్పు డబ్బా నాది."

ఆ చిన్నకూతురు చిన్నమ్మడు అక్కడే, గుమ్మంలోనే ఉంది. చెయ్యి చాస్తే అక్క జడ అందుతుంది. అయినా వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ అమ్మ మీదుగానే నడుస్తున్నాయి.

"అమ్మా, ఉంచుకోమను. నాకక్కర్లేదు."

"ఎందుకు అక్కర ఉంటుందిలే! ఉప్పూకారం తినే మనిషైతే కదా!"

చిన్నమ్మడికి ముక్కు మీద కోపం. అయినా ఆ పూట నోరు కట్టేసుకుంది. అక్క బాధలో ఉంది. ఆ బాధ తెచ్చిపెట్టింది తనే.

ఓడలకు ఇంధనం పోసే పెద్ద పడవ, బార్జి. దాన్ని నడిపే సరంగు బావ. రేవు బయట లంగరు వేసిన ఓడల దగ్గరికి ఆయిల్ మోసుకెళ్లి, పక్కన కట్టి, పంపు పెట్టి పోసి రావడం అతని పని. పోయిన వారం రేవు వాళ్లు అతని లైసెన్సు ఆపేశారు. ఓడకు మొత్తం ఆయిల్ పోసినట్టు కాగితాల్లో ఉందిట. తీరా చూస్తే అతని బార్జి ఆ ఓడ పక్కన ఉండాల్సినంతసేపు లేదుట, సగంలోనే తాడు విప్పుకుని వచ్చేసిందిట. మిగిలిన ఆయిల్ ఎవరికి అమ్ముకున్నావని రేపు పొద్దున విచారణ. అది కనిపెట్టి ఆ బార్జి మీద ఎర్ర గుర్తు పెట్టి పైకి పంపింది ఎవరయ్యా అంటే, రేవు ఆఫీసులో ఓడల జాడ తెర మీద చూసే చిన్నమ్మడు.

"రేపు వెళ్లి, మిషన్ పొరపాటు అని ఒక్క ముక్క చెప్పవే" అంది అమ్మ. "నీ సొమ్మేం పోయింది? మీ మావయ్య కూడా అదే అంటున్నాడు."

"మిషన్ పొరపడలేదమ్మా."

"మిషనే కదా! మనింట్లో మిక్సీ ఎన్నిసార్లు పొరపడలేదూ?"

"అది పొరపడలేదు, కాలిపోయింది."

"ఇదీ కాలిపోయిందని చెప్పు!"

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్లే. అక్క గరిటె కింద పడేసి, వారం నుంచి పాటిస్తున్న నియమాన్ని పక్కనపెట్టి సూటిగా చెల్లెలి మొహంలోకి చూసింది.

"అమ్మని మధ్యలో పెట్టకుండా అడుగుతున్నా. చెప్పు. మీ బావ దొంగా?"

కాదని చెప్పడానికి చిన్నమ్మడి దగ్గర మనసు తప్ప వేరే సాక్ష్యం లేదు. అవునని చెప్పడానికి తెర నిండా సాక్ష్యం ఉంది. ఆమె తల దించుకుని సంచీ అందుకుంది. అదే జవాబనుకుని అక్క కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

బావ వరండా చివర కుళాయి విప్పి బిగిస్తున్నాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఈ వారంలో తలుపు బందులు, కిటికీ గడియలు, బాగున్న కుళాయిలు కూడా విప్పి మళ్లీ బిగించాడు. అసలే నోట్లో నాలుక లేనివాడు. లైసెన్సు పోయాక ఆ మాత్రం మాటలూ పోయాయి.

చెప్పులేసుకుంటున్న చిన్నమ్మడిని చూసి, "ఒక్కటడగనా?" అన్నాడు.

"అడుగు బావా."

"ఆ ఎర్ర గుర్తు పెట్టేటప్పుడు ఏం చూశావు?"

"ఓడ పక్కన ఎంతసేపు ఉందో చూశాను."

"అంతేనా?"

"అంతే."

అతను తలూపి మళ్లీ కుళాయి మీద పడ్డాడు. ఆ తలూపడంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని దారి పొడుగునా అనుకుంది చిన్నమ్మడు.

* * *

ఆఫీసు గదిలో గోడంత తెర. దాని మీద సముద్రం నీలంగా, నిశ్చింతగా ఉంటుంది. లంగరు వేసిన ఓడలు ఆకుపచ్చ చుక్కలు. వాటి మధ్య తిరిగే ఇంధనం బార్జిలు పసుపు చుక్కలు. ప్రతి పడవలోనూ ఒక పెట్టె ఉంటుంది. నేనిక్కడున్నాను, ఇంత జోరున పోతున్నాను అని అదే చెబుతూ ఉంటుంది. పసుపు చుక్క ఆకుపచ్చ చుక్కకు అంటుకుని ఎంతసేపు ఉందో లెక్కగట్టి, ఆఫీసు పెట్టిన హద్దు కన్నా తక్కువైతే ఎర్ర గుర్తు పెట్టడం చిన్నమ్మడు తయారుచేసిన పద్ధతి. ఆ పద్ధతికి దొరికిన మొదటి చేప సొంత బావ.

బంధువుల బార్జి అని తెలిసీ ఆమె వెనకాడలేదు. ఆఫీసు మాట ఇంట్లో, ఇంటి మాట ఆఫీసులో ఎత్తకూడదని చేరిన రోజే ఒట్టు పెట్టుకుంది. గుర్తు పెట్టింది, పంపించింది, ఇంటికెళ్లి అన్నం తింది. ఏం బావా, ఆ రోజు ఏమైందని ఒక్క మాట అడగలేదు. అది నిజాయితీ అనుకుంది. ఇవాళ ఎందుకో అలా అనిపించడం లేదు.

అంతేనా? అన్నాడు. అంతేనా అంటే, ఇంకేదో ఉందనే కదా.

బావ బార్జి ఆ రోజు తిరిగిన జాడ మళ్లీ తెరిచింది. వెళ్లింది, ఓడ పక్కన ఆగింది, సగంలో కదిలింది. కొత్తేమీ లేదు. పక్కన సరంగు తన చేత్తో నింపాల్సిన గళ్లు కొన్ని ఉంటాయి. ఎక్కడికి పోతున్నారు, లంగరేశారా, బార్జి నీళ్లలో ఎంత లోతు మునిగి ఉంది అని. ఈ చివరిదాన్ని డ్రాఫ్ట్ అంటారు. నిండుగా ఆయిల్ ఉంటే లోతు ఎక్కువ, ఖాళీ అయితే తక్కువ. పనికొచ్చే అంకే. కానీ ఏ సరంగూ దాన్ని ముట్టుకోడు. పెట్టె బిగించిన రోజు ఎవడో ఏదో కొడతాడు, బార్జి తుక్కుకి పోయేదాకా అదే ఉంటుంది. అందుకే ఈ గదిలో ఆ గడి వంక చూసేవాళ్లే లేరు.

చిన్నమ్మడు చూసింది. ఏళ్ల తరబడి బావ బార్జిదీ అదే పాత అంకె. ఆ ఒక్క ప్రయాణంలో మాత్రం రెండుసార్లు మారింది. ఓడ దగ్గరికి పోయేటప్పుడు నిండు లోతు. తాడు విప్పుకుని వచ్చేటప్పుడు నిండుకీ ఖాళీకీ సరిగ్గా మధ్య.

అంటే ఆయిల్ సగం బార్జిలోనే ఉందని సరంగే తన చేత్తో కొట్టి మరీ చెప్పాడు.

ఏ దొంగైనా దొంగసొత్తు నా దగ్గరే ఉందని చాటింపు వేస్తాడా?

అప్పుడు మిగతా బార్జిల జాడలు తెరిచింది. బావ యజమాని బార్జిలన్నీ. ఆ యజమాని ఎవరో కాదు, మావయ్యే. ఎర్ర గుర్తు లేదని ఇన్నాళ్లూ వాటిని తిరిగి చూడలేదు. ఇప్పుడు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్న ఓడ పక్కనా అంతేసేపు, కొండంత ఓడ పక్కనా అంతేసేపు. ఆఫీసు పెట్టిన హద్దు దాటిందనగానే కదిలిపోతున్నాయి. ఆ హద్దు ఎంతో వాళ్లకెలా తెలుసు? ఎందుకు తెలియదు, అందరికీ తెలియాలని రేవు నోటీసు బోర్డుకి అంటించింది చిన్నమ్మడి ఆఫీసే కదా. పంపు ఆపేసి, కాళ్లు చాపుకుని కూర్చుని, టైము గడిచాక తాడు విప్పితే చాలు. తెర మీద అంతా సవ్యంగా కనిపిస్తుంది. దొంగల్ని పట్టుకుందామని పెట్టిన కాపలా ఎంతసేపు ఆగితే దొరకరో వాళ్లకే నేర్పింది.

ఆమె లేచి పెద్దసారు గదిలోకి వెళ్లింది. అతను రేపటి విచారణలో చదవాల్సిన ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. కొత్త పద్ధతి తొలి విజయం అని మొదటి వాక్యం.

చెప్పిందంతా విన్నాడు. వింటున్నంతసేపూ కలం మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

"బాగానే పట్టావమ్మా. కానీ రేపటి విచారణ ఒక్క బార్జి గురించే."

"ఆ ఒక్క బార్జే నిజం చెప్పింది సార్. అబద్ధం చెప్పినవాటిని వదిలేసి దాన్ని పట్టుకున్నాం."

"అన్నీ కెలికితే బార్జిలన్నీ ఆగిపోతాయి. ఓడలు పక్క రేవుకి పోతాయి. తర్వాత నిదానంగా చూద్దాం."

"తర్వాత అంటే మా బావ లైసెన్సు పోయాకా?"

పెద్దసారు కలం కింద పెట్టాడు. "నువ్వతని మరదలివని నాకు తెలీదనుకున్నావా? ఇన్నాళ్లూ నీ మీద వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు నువ్వు. ఇప్పుడీ మాటంటే నలుగురూ ఏమంటారు?"

అది సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. చిన్నమ్మడి చెవులు వేడెక్కాయి. ఒక్క క్షణం, నిజంగా బావ కోసమే వెతికానా అని తనని తనే ప్రశ్నించుకుంది. అవును, బావ కోసమే వెతికింది. అయితే ఏం? దొరికింది నిజమే కదా.

"మరదలు కాబట్టి మళ్లీ చూశాను సార్. ఒప్పుకుంటున్నాను. మరదలు కాకపోయినా చూడాల్సింది. అదీ చెబుతాను రేపు."

"రేపు నిన్నెవరూ అడగరు."

"అడక్కపోయినా చెబుతాను."

"నీకు కుర్చీ కూడా ఉండదు ఆ గదిలో."

"నిలబడి చెబుతాను సార్."

బయటికొచ్చి బార్జిల జాడలన్నీ అచ్చు తీసి సంచీలో పెట్టుకుంది.

* * *

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు మావయ్య కారు ఉంది. అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. నాన్న పోయాక అక్కాచెల్లెళ్ల ఫీజులు కట్టిందీ, అక్క పెళ్లి చేసిందీ, బావకు బార్జి అప్పగించిందీ ఆయనే. ఈ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఎదురు చెప్పే అవసరమూ ఎప్పుడూ రాలేదు, ఆయన అంత ప్రేమగా మాట్లాడతాడు.

హాల్లో పడక్కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మ పక్కనే బిస్కెట్ల పళ్లెంతో నిలబడింది. అక్క గోడకి ఆనుకుని ఉంది. బావ గుమ్మం దగ్గర, చేతిలో పానాతో.

"రావే చదువులమ్మా! నీ గురించే మాట్లాడుకుంటున్నాం. నీకిక ఏ ఇబ్బందీ లేదు, అబద్ధం చెప్పక్కర్లేదు. రేపు మీ బావే ఒప్పేసుకుంటాడు."

"ఏం ఒప్పుకుంటాడు?"

"ఏదో బుద్ధి గడ్డితిని సగం ఆయిల్ అమ్ముకున్నానని. లైసెన్సు పోతే పోనీ, ఒడ్డున నా గోడౌన్ ఉందిగా, చూసుకుంటాడు. సముద్రం గాలి తప్పి ఒళ్లు కూడా బాగుపడుతుంది."

అక్క ఉలిక్కిపడింది. "అదేంటి మావయ్యా? మిషన్ పొరపాటు అంటే చాలన్నావుగా? చెయ్యని దొంగతనం ఈయన ఒప్పుకోవడమేంటి?"

"నీ చెల్లెలు చెప్పనంటే ఇక ఇదే దారి. పేరుకేనే పిచ్చిమొద్దూ. నలుగురూ నాలుగు రోజులు అనుకుంటారు, మర్చిపోతారు."

"నేను మర్చిపోను" అంది అక్క. ఆ గొంతు విని అమ్మ పళ్లెం కింద పెట్టేసింది.

చిన్నమ్మడు సంచీ కూడా దించలేదు. మావయ్యను దాటుకుని నేరుగా గుమ్మం దగ్గరికి నడిచింది.

"బావా, ఆ రోజు డ్రాఫ్ట్ అంకె ఎవరు కొట్టారు?"

మావయ్య చేతిలో టీ కప్పు ఆగిపోయింది. డ్రాఫ్ట్ అంటే ఏమిటో ఆ గదిలో తనకీ, బావకీ, ఆయనకీ మాత్రమే తెలుసని ఆమెకు తట్టింది.

"నేనే" అన్నాడు బావ.

"ఎందుకు?"

"నువ్వు చూస్తావని."

బావే చెప్పుకుంటూ పోయాడు. జీవితంలో అతను అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదటిసారి.

"సగం పోసి పంపు ఆపెయ్యమని ఎప్పట్నించో ఆర్డరు. ఓడ మీద ఇంజనీరుతో ముందే మాట్లాడుకుంటారు. టైమయ్యేదాకా పక్కనే కూర్చుని, ఖాళీ చేశామని సంతకాలు పెట్టించుకుని వచ్చెయ్యాలి. నేనూ చేశాను కొన్నాళ్లు. కాదనను. ఆ రోజు సంతకాలయ్యాయి కానీ టైమయ్యేదాకా కూర్చోలేదు, పంపు ఆగగానే తాడు విప్పించేశాను. ఆయిల్ ఇంకా నా దగ్గరే ఉందని ఉన్నదున్నట్టు కొట్టాను. కంపెనీ వాళ్లని పిలిచి అడుగుతారనుకున్నాను. నన్ను పట్టుకున్నారు."

"నేను చూడలేదు బావా" అంది చిన్నమ్మడు. "నువ్వు పిలిస్తే, నిన్ను దొంగని రాసి పంపాను."

"పోన్లే. ఇవాళ చూశావుగా."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!" అక్క అరిచింది. "వారం నుంచి కుళాయిలు బిగిస్తున్నారు తప్ప!"

"ఎవరికి చెప్పమంటావే? నీకు చెబితే మావయ్యని ఒక్క మాట అనొద్దండీ అంటావు. దానికి చెబితే ఆఫీసు మాట ఇంట్లో వద్దు బావా అంటుంది. అత్తయ్యకి చెబితే ఏడుస్తారు. ఇక మిగిలింది ఆ పెట్టే."

అక్క వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆ నిలబడటంలో చెల్లెలి భుజానికి తన భుజం తగిలింది, తియ్యలేదు.

"మావయ్యా, రేపు ఈయన ఏమీ ఒప్పుకోరు" అంది. "ఒప్పుకోవాల్సినవాళ్లు ఒప్పుకుంటారు."

"నీ బార్జిలన్నిటి జాడలూ తీశాను మావయ్యా" అంది చిన్నమ్మడు. "ఫీజు కట్టి చదివించావు. ఆ చదువుతోనే చూశాను. రేపు చెబుతాను."

మావయ్య కప్పు కింద పెట్టాడు. కోపగించుకోలేదు. ఆయన నవ్వు అలాగే ఉంది, కాస్త చల్లబడిందంతే.

"చెప్పు, చెప్పు. బార్జి మీద తప్పు తేలితే ముందు ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలుసా? యజమాని మెడకి."

"నీ మెడకే కదా."

"నాకెందుకు చుట్టుకుంటుందే? మీ బావ తోలే బార్జి నాది కాదు. మీ అమ్మది."

అక్క గిర్రున అమ్మ వైపు తిరిగింది. చిన్నమ్మడు పొద్దున్నించీ కూడగట్టుకున్న ధైర్యమంతా ఒక్క మాటతో తల్లి మీదికే తిరిగింది.

"పన్నుల గొడవ, ఓ సంతకం పెట్టక్కా అన్నావు కదరా తమ్ముడూ" అంది అమ్మ మెల్లిగా. "చదవకుండా పెట్టాను. అదేనా?"

"అదే అక్కా. నీ మంచికే చేశాను. నా పేరు బయటికొస్తే నీ పేరు ముందొస్తుంది. అందుకే చెబుతున్నా, ఈ పిల్లల్ని అదుపులో పెట్టుకో." ఆయన లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

"ఆగు" అంది అమ్మ.

ఆయన ఆగాడు.

"ఉత్తుత్తినే నాదా, నిజంగానే నాదా?"

"చట్ట ప్రకారం పూర్తిగా నీదే."

"అయితే దాని మీద సరంగుగా ఎవరుండాలో చెప్పాల్సింది నేనేగా? నా అల్లుడు దొంగని నువ్వెలా చెబుతావు? నా ఆయిల్ సగంలో ఆపమని నువ్వెలా ఆర్డరిస్తావు?"

"అక్కా, నీకు ఇవన్నీ తెలీవు."

"తెలీదనే చెబుతా. రేపు ఆ గదిలోకి నేనూ వస్తున్నా. నా పేరు పెట్టి, నాకు తెలీకుండా, ఏమేం నడిపావో నువ్వే చెప్పమని అడుగుతా."

"జైల్లో వేస్తారక్కా నిన్ను!"

"వేస్తే నిన్నూ వేస్తారుగా" అంది అమ్మ. "పుట్టినప్పట్నించీ నిన్ను ఒంటరిగా ఎక్కడికి పంపించాన్రా నేను?"

మావయ్య నవ్వు అప్పుడు పోయింది. పెదవులు తడుపుకుని, మేనకోడళ్ల వంక, అల్లుడి వంక చూశాడు. "వీళ్లని కాసేపు బయటికి పంపు అక్కా. నీకొక్కదానికే చెప్పాల్సిన మాట ఉంది."

అమ్మ వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నాకొక్కదానికే చెప్పి ఒకసారి సంతకం పెట్టించుకున్నావు, చాలు. ఇక నాకొక్కదానికే చెప్పే మాటలు లేవు. చెప్పేదేదో వీళ్లందరి ముందూ చెప్పు."